సైన్సు పాఠానికి ఏ తెర కొనాలి? గోదావరి డెల్టా బడులకు ఎంపిక సలహా

పూర్వ విద్యార్థుల బ్యాచ్ ఒకటి సంక్రాంతికి కలుసుకుంటుంది. తలా కొంత వేసుకుని నలభై, యాభై వేలు పోగుచేసి "బడికి ఏం కొనిపెట్టమంటారు మాస్టారూ?" అని అడుగుతుంది. కోనసీమలోనూ, నరసాపురం, పాలకొల్లు వైపూ ఇది మామూలే. అప్పటికప్పుడు నోటికొచ్చే జవాబు ప్రొజెక్టర్. ఇంకాస్త డబ్బుంటే పెద్ద టచ్ ప్యానెల్. రెండూ పనికొచ్చేవే గానీ, ఆ తెర మీద ఏం చూపిస్తారన్నది తేల్చుకోకుండా ఏది కొన్నా సగం డబ్బు వృథా.

సైన్సులో చూపించాల్సినవి రెండు రకాలు. మొదటివి బల్ల మీద ఉన్నా వెనక బెంచీకి కనబడనివి: మందారపువ్వు అండాశయం, చేప మొప్పలు, లిట్మస్ కాగితం మీద రంగు మార్పు, అమ్మీటరు ముల్లు. రెండోవి కంటికి ఎప్పటికీ ఆననివి: తీగలో ఎలక్ట్రాన్ల కదలిక, ద్రవం ఆవిరయ్యేటప్పుడు అణువుల తీరు, గుండెలో రక్తం పోయే దారి. మొదటి రకానికి కెమెరా కావాలి, రెండోదానికి యానిమేషనో సిమ్యులేషనో కావాలి. డబ్బంతా తెరకే పోస్తే ఆ తెర వీడియోలు వేసుకునే టీవీగా మిగిలిపోతుంది. చేతిలో యాభై వేలుంటే ఐదారు వేలు కెమెరాకీ స్టాండుకీ, పది వేల దాకా కరెంటు భద్రతకీ ముందే పక్కన పెట్టి, మిగిలినదాంట్లో తెర చూసుకోవాలి.

నాడు-నేడు రెండో దశలో, 2023 నుంచి, రాష్ట్రంలో చాలా ప్రభుత్వ హైస్కూళ్లకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు, ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. మీ బడికి అవి అందివుంటే మళ్లీ తెర కొనకండి. కెమెరా గురించీ కరెంటు గురించీ రాసిన భాగాలు చదివితే చాలు. ఎయిడెడ్ బడులు, చిన్న ప్రైవేటు బడులు, ప్యానెల్ ఉన్నా అది సైన్సు గదిలో లేని బడులు మొత్తం చదవండి.

గది కొలత, వెలుతురు

టేపు తీసుకుని తెర పెట్టబోయే గోడ నుంచి చివరి బెంచీ దాకా కొలవండి. తెర మీది అక్షరాలు చదవగలగాలంటే ఆ దూరం బొమ్మ ఎత్తుకు ఆరు రెట్లు మించకూడదు. 43 అంగుళాల టీవీ ఎత్తు సుమారు 53 సెంటీమీటర్లు, కాబట్టి పదిన్నర అడుగుల దాకా పనికొస్తుంది. 55 అంగుళాలది పదమూడున్నర అడుగులు, 65 అంగుళాలది పదహారు, 75 అంగుళాలది పద్దెనిమిది. ప్రొజెక్టర్‌తో 100 అంగుళాల బొమ్మ వేస్తే ఇరవైనాలుగు అడుగుల దాకా చదవొచ్చు. కాగితం మీద ప్రొజెక్టరే గెలుస్తుంది.

తెలుగు అక్షరాలకు ఈ లెక్క ఇంకొంచెం గట్టిగా పట్టుకోవాలి. వత్తులు, గుడులు, దీర్ఘాలు చిన్న సైజులో కలిసిపోతాయి. 'స్త్ర', 'క్ష్మ' లాంటివి దూరం నుంచి మరకల్లా కనబడతాయి. పద్దెనిమిది అడుగుల నుంచి చదవాలంటే అక్షరం ఒళ్లే రెండున్నర సెంటీమీటర్ల పైన ఉండాలి. వత్తుకు చోటు కలుపుకుంటే 43 అంగుళాల టీవీ మీద ఎనిమిది తొమ్మిది వరసలకు మించి పట్టవు. పాఠ్యపుస్తకం పీడీఎఫ్ పేజీ మొత్తాన్ని తెర మీద పెట్టి చదివించడం అందుకే కుదరదు. ఒక్క బొమ్మను పెద్దది చేసి చూపించి, మిగతాది పుస్తకంలో చదివించండి. ఆ పద్ధతికి చిన్న టీవీ కూడా సరిపోతుంది, పైగా బెంచీలు ముందుకు జరుపుకోవచ్చు.

ఇక వెలుతురు. ఫోన్లో లక్స్ మీటర్ యాప్ వేసుకోండి (లక్స్ అంటే ఒక చోట పడే వెలుతురుకు కొలత). ఉదయం పదకొండు గంటలప్పుడు కిటికీలన్నీ తెరిచి, ఫోను వెన్ను గోడకు ఆనించి, ముఖం గదివైపు ఉండేలా పట్టుకుని అంకె చూడండి. తర్వాత ఆ గోడ పక్కనున్న రెండు కిటికీలు మాత్రమే మూసి మళ్లీ చూడండి. ఫోను సెన్సరు అంత కచ్చితం కాదు గానీ 300కీ 60కీ ఉన్న తేడా చెప్పగలదు. మనకు అంతే కావాలి.

ప్రొజెక్టర్ ఎక్కడ నెగ్గుతుంది, ఎక్కడ ఓడుతుంది

3300 ఆన్సీ ల్యూమెన్ల (ప్రమాణం ప్రకారం కొలిచిన వెలుగు) ప్రొజెక్టర్ కొత్తలో 100 అంగుళాల బొమ్మ మీద 1200 లక్స్ దాకా వెలుగు వేస్తుంది. ల్యాంపు పాతబడి, ఎకో మోడ్‌లో నడుస్తూ ఉంటే 700 దగ్గర నిలుస్తుంది. బొమ్మ తేటగా కనబడాలంటే తెల్లని భాగం నల్లని భాగానికి కనీసం ఏడు రెట్లు వెలగాలి. అంటే గోడ మీద బయటి వెలుతురు 120 లక్స్ లోపు ఉండాలి. కిటికీలు తెరిచిన గదిలో 300 ఉందనుకోండి, ఆ నిష్పత్తి మూడుకు కాస్త పైనే ఆగిపోతుంది. అప్పుడు రక్తప్రసరణ బొమ్మలో ఎర్ర ధమని, నీలం సిర రెండూ బూడిదరంగు గీతలే.

సరే, కిటికీలు మూసేస్తే? ఏప్రిల్లో డెల్టా ఉక్కపోత తెలిసిందే. యాభైమంది పిల్లలున్న గదిలో కిటికీ రెక్కలు బిగించి, మధ్యలో కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే పాఠం అక్కడితో సరి. చీకటి చేయగలిగిన గది ఒకటి ప్రత్యేకంగా ఉండి, గాలి ఆడే ఏర్పాటు ఉంటేనే ప్రొజెక్టర్ తీసుకోండి. నల్లగుడ్డ కర్టెన్లు తెర పక్కనున్న కిటికీలకు వేస్తే చాలు, వెనక కిటికీలు తెరిచే ఉంచొచ్చు.

బిగించేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. మామూలు ప్రొజెక్టర్‌ను 100 అంగుళాల బొమ్మకు గోడకు పదకొండు నుంచి పద్నాలుగు అడుగుల దూరంలో వేలాడదీయాలి. సరిగ్గా అక్కడే సీలింగ్ ఫ్యాన్ ఉంటుంది. రెక్కలు వెలుగుకు అడ్డం తిరుగుతుంటే బొమ్మ మినుకుమినుకుమంటుంది. ఫ్యాను ఊపుకు అదే దూలానికి బిగించిన ప్రొజెక్టర్ కూడా అదురుతుంది. బిగించే ముందే దారం కట్టి వెలుగు దారి చూసుకోండి.

ల్యాంపు ప్రొజెక్టర్‌కు ఇంకో బలహీనత: పాఠం మధ్యలో కరెంటు పోతే లోపలి ఫ్యాను ఆగిపోతుంది, కాలుతున్న ల్యాంపు చల్లబడే దారి ఉండదు. అలా నాలుగుసార్లు జరిగితే ల్యాంపు ఆయుష్షు తగ్గిపోతుంది. కొత్త ల్యాంపు ధర అడిగాక చాలా బడులు ఆ ప్రొజెక్టర్‌ను బీరువాలో పెట్టేస్తాయి. లేజర్, ఎల్‌ఈడీ రకాలకు ఈ బాధ తక్కువ, ధర ఎక్కువ.

ఆన్‌లైన్లో ఆరేడు వేలకు "9000 ల్యూమెన్స్" అని అమ్మే మినీ ప్రొజెక్టర్ల జోలికి పోవద్దు. వాటి అసలు వెలుగు తరచూ 200 ఆన్సీ ల్యూమెన్లకు అటూఇటూ. దాన్ని 100 అంగుళాలకు సాగదీస్తే గోడ మీద పడేది డెబ్బై లక్స్. పగటిపూట ఉన్నట్టే తెలియదు. బొమ్మను 40 అంగుళాలకు కుదిస్తే 450 లక్స్ వస్తుంది గానీ, 40 అంగుళాల బొమ్మ కోసం ప్రొజెక్టర్ ఎందుకు? పెట్టె మీద ఆన్సీ అన్న మాట లేకపోతే ఆ ల్యూమెన్ల అంకెను లెక్కలోకి తీసుకోకండి.

టీవీ

డెల్టాలో ఎక్కువ బడులకు మేం చెప్పేది ఇదే: 43 నుంచి 55 అంగుళాల మామూలు ఎల్‌ఈడీ టీవీ. వెలుతురున్న గదిలో పనిచేస్తుంది, 43 అంగుళాలది 70 నుంచి 100 వాట్లే తింటుంది, పాడైతే అమలాపురంలోనో భీమవరంలోనో మెకానిక్ దొరుకుతాడు. బ్యాక్‌లైట్ పట్టీ పోయినా, పవర్ బోర్డు కాలినా ఊళ్లోనే బాగవుతుంది. సుమారు ఇరవై, ముప్పై వేలల్లో 43 వస్తుంది.

కొనేటప్పుడు కొట్టులో పక్కకు జరిగి, గోడవారగా నిలబడి తెర చూడండి. వీఏ రకం తెరలు ఎదురుగా చక్కగా ఉండి, పక్క నుంచి వెలిసిపోతాయి. ఐపీఎస్ రకం పక్క బెంచీలకు కూడా రంగు నిలుపుతుంది. గదిలో పిల్లలు వెడల్పుగా కూర్చుంటారు కాబట్టి మనకు ఐపీఎస్ మేలు. స్మార్ట్ టీవీయే కావాలన్న పట్టు వద్దు. రెండు హెచ్‌డీఎంఐ పోర్టులు, ఒక యూఎస్‌బీ ఉంటే సైన్సు పాఠానికి చాలు.

కిటికీకి ఎదురుగోడ మీద పెడితే తెరలో కిటికీయే కనబడుతుంది. కిటికీ ఉన్న గోడకే, కిటికీకి పక్కన, కొంచెం కిందికి వంచి బిగించండి. పిల్లలు బెంచీల మీద కూర్చుంటే తెర కింది అంచు నేల నుంచి నాలుగడుగులు, చాప మీద కూర్చుంటే మూడడుగులు. పాత సున్నపు గోడల్లో ప్లాస్టిక్ రాల్‌ప్లగ్గు నిలవదు. గోడకు చెక్క పలక వేసి, ఇటుక దాకా దిగే యాంకర్ బోల్టులతో పట్టించాలి.

టీవీ శబ్దం గురించి బెంగపడొద్దు. రేకుల కప్పు మీద వాన పడుతుంటే ఏ స్పీకరూ వినబడదు. వీడియో శబ్దం తీసేసి, బొమ్మ నడుస్తుంటే టీచరే తన మాటల్లో చెప్పడం ఎలాగూ మెరుగు. ఆపి అడగొచ్చు, వెనక్కి తిప్పొచ్చు.

టచ్ ప్యానెల్

65, 75 అంగుళాల ప్యానెల్ దగ్గర నిజమైన లాభం రాత. బొమ్మను ఆపి దాని మీదే బాణం గీయొచ్చు, పిల్లవాడిని పిలిచి సిమ్యులేషన్‌లో బల్బు తీగ కలపమనొచ్చు. లోపలే ఆండ్రాయిడ్ ఉంటుంది కాబట్టి ల్యాప్‌టాప్ లేకపోయినా నడుస్తుంది. ధర లక్ష దాటుతుంది. దాతల డబ్బుతో ఒక్క గదికి ఇంత పెట్టడం మాకు సమ్మతం కాదు. అదే డబ్బుతో మూడు గదులకు టీవీ, కెమెరా వస్తాయి. ప్రభుత్వం ఇస్తే మాత్రం దాన్ని పూర్తిగా వాడుకోవాలి.

చాలా ప్యానెళ్లలో స్పర్శను పట్టేది గాజు కాదు. చట్రం లోపల అటూఇటూ పరిగెత్తే పరారుణ కిరణాలు. చట్రం అంచున ఏది అడ్డమున్నా అక్కడ వేలు పెట్టినట్టే లెక్క. టైమ్‌టేబుల్ కాగితం అంటించిన టేపు, సుద్దపొడి, వానాకాలం సాయంత్రం దీపానికొచ్చిన పురుగు, ఏదైనా సరే. తనంతట తనే గీతలు గీస్తోంది, బటన్లు నొక్కుకుంటోంది అని ఫిర్యాదు వస్తే, సర్వీసు వాళ్లకు ఫోన్ చేసే ముందు ఆఫ్ చేసి, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో నాలుగు అంచులూ తుడవండి. చట్రం మీద నేరుగా ఎండ పడినా ఇదే జబ్బు. ప్యానెల్‌కూ సుద్దబోర్డుకూ మధ్య కనీసం మూడడుగుల ఎడం ఉంచండి.

లంక ఊళ్లకు ప్యానెల్ తీసుకెళ్లడం ఇంకో పని. 65 అంగుళాలది నలభై కిలోల దగ్గర ఉంటుంది. పంటు మీదైనా నాటు పడవలోనైనా నిలువుగానే, అసలు పెట్టెలోనే, ఇద్దరు పట్టుకుని తీసుకెళ్లాలి. పడుకోబెడితే గాజు మధ్యలో వంగి పగుళ్లిస్తుంది. వారంటీ కాగితంలో 'ఆన్‌సైట్' అని ఉన్నా, మీ పిన్‌కోడ్‌కు మనిషి వస్తాడా, రేవు దాటి వస్తాడా అని ముందే రాతపూర్వకంగా అడగండి.

ట్యాబులు

2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు ఇచ్చిన ట్యాబులు కొన్ని బడుల్లో ఇంకా ఉన్నాయి. నలుగురికి ఒకటి చొప్పున ఇచ్చి సిమ్యులేషన్ చేయిస్తే, పెద్ద తెర మీద టీచరు చేసి చూపించినదానికన్నా పిల్లలకు ఎక్కువ ఒంటబడుతుంది. కారణం చిన్నది: తప్పు కనెక్షన్ ఇచ్చి బల్బు వెలగకపోవడం వాళ్ల చేతిలోనే జరుగుతుంది. కానీ చార్జింగు, పోగొట్టుకోవడం, పగలడం చూసుకునే మనిషి లేకపోతే కొత్తగా కొనకండి. ఉన్నవాటిని వేసవి సెలవుల్లో పూర్తిగా దిగిపోనివ్వద్దు. ఏప్రిల్ చివర సగం చార్జి ఉంచి ఆఫ్ చేసి, చల్లని బీరువాలో పెట్టండి. జూన్ 12 దాకా ఖాళీ బ్యాటరీతో ఎండలో కాగే గదిలో ఉంచితే చెడిపోయే ప్రమాదం ఎక్కువ. ఉబ్బిన ట్యాబును చార్జింగుకు పెట్టొద్దు, గుచ్చొద్దు.

సిమ్యులేషన్లకు కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ చాలు. 2002లో కార్ల్ వీమన్ మొదలుపెట్టింది, ఉచితం. ఒక్కో సిమ్యులేషన్ ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దిగుతుంది, నెట్ లేకుండా క్రోమ్‌లో తెరుచుకుంటుంది, కొన్నింటికి తెలుగు కూడా ఉంది. విద్యుత్ వలయాలు, కాంతి వక్రీభవనం, పదార్థ స్థితులు, పరమాణువు కట్టడం, ఈ నాలుగూ ముందు దించుకోండి. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్ కొడితే తెరుచుకునే దీక్షా పాఠాలు కూడా ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి. అమలాపురం వచ్చినప్పుడు మంచి సిగ్నల్లో దించి పెన్ డ్రైవ్‌కు ఎక్కించుకోవడం లంక బడులకు తేలిక దారి.

కెమెరా: అసలు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడ

ఏ తెరయినా సరే, దాని పక్కన కిందికి చూసే కెమెరా ఒకటి ఉండాలి. నాలుగు దారులున్నాయి.

చౌకైనది మీ ఫోనే. స్టాండుకు బిగించి, యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఎస్‌సీఆర్‌సీపీవై అనే ఉచిత ప్రోగ్రాంతో ఫోను తెరను ల్యాప్‌టాప్ మీదికి తెచ్చి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి. ఫోన్లో డెవలపర్ ఆప్షన్లలో యూఎస్‌బీ డీబగింగ్ ఆన్ చేయాలి. "ఫోను నుంచి నేరుగా టీవీకి తీగ" అని కొట్టువాడు ఇచ్చేది చాలా ఫోన్లకు పనిచేయదు. టైప్-సీ పోర్టు నుంచి బొమ్మ బయటికి పంపే సౌకర్యం తక్కువ ధర ఫోన్లలో ఉండదు. కొనే ముందు మీ ఫోనుకే పెట్టి చూడండి. తీగ లేని క్యాస్టింగ్ అయితే కదలిక ఆలస్యంగా వస్తుంది, మధ్యలో తెగుతుంది. పాఠం సాగుతుంటే మాస్టారి ఫోనుకు కాల్ వస్తుంది, అదీ తెర మీదే కనబడుతుంది. ఫ్లైట్ మోడ్ మర్చిపోవద్దు.

రెండోది యూఎస్‌బీ వెబ్‌క్యామ్, వంగే మెడ ఉన్న స్టాండు. రెండువేల లోపు పనైపోతుంది. మేం ముందుగా కొనమనేది ఇదే. ఒక్కటి చూసుకోండి: ఫోకస్‌ను చేత్తో తిప్పే రింగు ఉండాలి. రింగు లేని చౌక రకాలు అడుగున్నర కంటే దగ్గరికి తెస్తే మసకబారతాయి. ఆటోఫోకస్ రకాలు చెయ్యి కదిలినప్పుడల్లా ముందుకీ వెనక్కీ వెతుక్కుంటాయి. ప్యానెల్ ఉన్న బడిలో ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు. చాలా ప్యానెళ్లలో కెమెరా యాప్ ఉంటుంది, వెబ్‌క్యామ్‌ను యూఎస్‌బీ పోర్టులో పెడితే చాలు. మామూలు టీవీకి మాత్రం వెబ్‌క్యామ్ నేరుగా పెడితే ఏమీ రాదు.

మూడోది హెచ్‌డీఎంఐ ఉన్న విజువలైజర్, అంటే స్టాండుతో సహా వచ్చే కిందికి చూసే కెమెరా. ల్యాప్‌టాప్ లేని బడికి సుఖం, ధర ఎక్కువ. నాలుగోది యూఎస్‌బీ సూక్ష్మదర్శిని. "1000 రెట్లు" అని రాసివున్న చౌక రకాలు నిజంగా అంత చూపవు. ఈగ రెక్క, ఇసుక రేణువు, వరిగింజ పొట్టు దాకా బాగుంటాయి. పత్రరంధ్రాలకు వీటిని నమ్ముకోవద్దు. బడిలో మామూలు సంయుక్త సూక్ష్మదర్శిని ఉంటే ఫోను కెమెరాను దాని కంటి కటకానికి ఆనించే పట్టీ కొనండి. పదిరెట్ల కంటి కటకం, 45 రెట్ల వస్తు కటకం కలిస్తే 450 రెట్లు. అంత శక్తి ఏ చౌక యూఎస్‌బీ పరికరానికీ లేదు.

కెమెరా కింద ఏం పెట్టాలన్న ప్రశ్నకు డెల్టాలో జవాబు కాలవ గట్టు మీదే ఉంది. గుర్రపుడెక్క కాడను బ్లేడుతో అడ్డంగా కోసి వెబ్‌క్యామ్ కింద పెట్టండి, గాలిగదులు వెనక బెంచీ దాకా కనబడతాయి, మొక్క ఎందుకు తేలుతుందో వేరే చెప్పనక్కర్లేదు. తామరకాడ కూడా అంతే. చేపల బజారు నుంచి తెచ్చిన బొచ్చె మొప్పను పళ్లెంలో నీళ్లు పోసి విప్పితే దువ్వెన పళ్లలాంటి తంతువులు విడివిడిగా తేలతాయి. పళ్లెం నల్లది అయితే ఎర్రమొప్ప తేటగా వస్తుంది. తెల్ల పళ్లెంలో కెమెరా వెలుగును తగ్గించేసుకుని మొప్ప నల్లగా చూపిస్తుంది. చెరువుల ప్రాంతంలో హేచరీ రొయ్యపిల్లలు రెండు మూడు గాజు పలక మీద నీటిచుక్కలో ఉంచి, నాలుగురెట్ల వస్తు కటకంతో చూస్తే ఒంట్లోంచి కొట్టుకునే గుండె కనబడుతుంది. భీమవరం వైపు ఆక్వా ల్యాబుల్లో రోజూ చేసే పనే ఇది. అడిగితే చెరువు నీటి నమూనా, పాత గాజు పలకలు ఇచ్చేవాళ్లు దొరుకుతారు. దీపం వేడికి చుక్క త్వరగా ఆరిపోతుంది. డ్రాపర్ దగ్గరుంచుకోండి.

కరెంటు లేని పూట

లేజర్ చుక్క పద్ధతి ఖర్చు లేనిది. ఐదు మిల్లీలీటర్ల సిరంజిలో సూది తీసేసి చెరువు నీళ్లు నింపి, కొనకు చుక్క వేలాడేలా స్టాండుకు బిగించండి. అదే ఎత్తులో ఆకుపచ్చ లేజర్ పాయింటర్‌ను క్లిప్పుతో కదలకుండా పెట్టి, కిరణం చుక్క నడుమ నుంచి పోయేలా చేయండి. చుక్కే కటకమై ఏడెనిమిది అడుగుల దూరంలోని గోడ మీద సూక్ష్మజీవుల నీడలు ఈదుతూ కనబడతాయి. గది చీకటిగా ఉండాలి. నీడల చుట్టూ వలయాలు వస్తాయి, అవి జీవులు కావు, కాంతి వివర్తనం. ఆకారం, కదలిక చూపడానికి సరిపోతుంది, అవయవాలు చూపడానికి సరిపోదు. చౌక లేజర్లు వాటి ఒంటి మీద రాసివున్న 5 మిల్లీవాట్లను తరచూ దాటుతాయి, కాబట్టి పిల్లలంతా లేజర్ వెనకే కూర్చోవాలి, గోడ నున్నగా మెరవకూడదు.

140 రెట్లు చూపే కాగితపు సూక్ష్మదర్శిని ఫోల్డ్‌స్కోప్ ఒకటి రెండు కొని ఫోనుకు అతికిస్తే కరెంటుతో పనే ఉండదు. మూల పడివున్న పాత ఓహెచ్‌పీ (ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్) ఉంటే పారేయకండి. దాని గాజు మీద పారదర్శక పళ్లెంలో నీళ్లు పోసి తరంగాలు, అయస్కాంతం పెట్టి ఇనుప రజను గీతలు చూపడంలో ఏ డిజిటల్ తెరా దానికి సాటి రాదు. దానికి కరెంటు కావాలి గానీ.

ఇన్వర్టర్ లెక్క ఇలా వేసుకోండి. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీలో 1800 వాట్-గంటలు. సగమే వాడాలి, ఇన్వర్టర్ నష్టం పోను చేతికొచ్చేది 760 దగ్గర. టీవీ 80, ఒక ఫ్యాను 75, కెమెరా పది, మొత్తం 165 వాట్లు. నాలుగున్నర గంటలు నడుస్తుంది. అదే బ్యాటరీ మీద 280 వాట్ల ప్రొజెక్టర్ ఒక్కటే రెండున్నర గంటలు. చిన్న 600 వీఏ కంప్యూటర్ యూపీఎస్ అయితే టీవీని ఇరవై నిమిషాలు లాగుతుంది, ప్రొజెక్టర్‌ను చల్లబడేదాకా నిలుపుతుంది. బడ్జెట్ లేకపోతే అదైనా పెట్టండి.

తెరలను చంపేది కరెంటు పోవడం కాదు, తిరిగొచ్చేటప్పటి ఎగుడుదిగుడు. పోయిన వెంటనే గోడ స్విచ్ ఆపి, వచ్చాక రెండు మూడు నిమిషాలు ఆగి వేయాలి. ఆ పని ఒక పిల్లవాడికి అప్పగించండి. ఎర్తింగు లేకపోతే సర్జ్ ప్రొటెక్టరు చాలావరకు అలంకారమే. ఎలక్ట్రీషియన్‌తో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల టెస్ట్ బల్బు పెట్టించండి. పూర్తిగా వెలగాలి. అసలు వెలగకపోతే ఎర్త్ తీగ ఎక్కడో తెగింది. మందంగా వెలిగితే కనెక్షన్ వదులైంది, లేదా పైపు తుప్పు పట్టింది. అంతర్వేది, ఓడలరేవు లాంటి ఉప్పునేలల్లో జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు ఎక్కువకాలం నిలవదు, రాగిపూత రాడ్ వేయించడం మంచిది.

తేమ, వరద

వానాకాలంలో వాడని టీవీనీ ప్యానెల్‌నూ వారానికి ఒకసారైనా గంటసేపు వేయండి. లోపలి వేడికి తేమ ఆరుతుంది. కెమెరా, సూక్ష్మదర్శిని కటకాలకు బూజు పట్టకుండా మూత గట్టిగా పడే డబ్బాలో 100 గ్రాముల సిలికాజెల్‌తో ఉంచాలి. రంగు మారాక పెనం మీద సన్నసెగన వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. బూజు ఒకసారి గాజు పూతలోకి దిగితే తుడిచినా పోదు.

జులై నుంచి సెప్టెంబరు దాకా లంక బడుల్లో ఏదీ నేల మీద ఉంచొద్దు, ముఖ్యంగా బ్యాటరీ. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరి మొదటి హెచ్చరిక పడగానే కింది అంతస్తులోని యూపీఎస్, ల్యాప్‌టాప్, కెమెరా పైకి పోవాలి. 13.75 అడుగుల రెండో హెచ్చరిక దాకా ఆగితే మోసే మనుషులు దొరకరు, అందరూ తమ ఇళ్ల పనిలో ఉంటారు. బడే పునరావాస కేంద్రమైతే టీవీ ఉన్న గదికి తాళం వేసి, ఫోన్ల చార్జింగుకు వేరే ప్లగ్గులు చూపించండి. లేకపోతే టీవీ ప్లగ్గు పీకి అక్కడే పది చార్జర్లు పెడతారు. వాళ్ల అవసరం అలాంటిది, తప్పుపట్టలేం.

మరి మీకు ఏది?

నలభై మంది లోపు పిల్లలు, వెలుతురున్న గది, యాభై వేలు ఉన్న చోట 43 అంగుళాల ఐపీఎస్ టీవీ, ఫోకస్ రింగున్న వెబ్‌క్యామ్, 600 వీఏ యూపీఎస్, ఎర్తింగు. పాత ల్యాప్‌టాప్ ఒకటి దాత ఇంట్లోనే దొరుకుతుంది. అరవై మంది పట్టే పొడవాటి హాలు, చీకటి చేయగలిగేది ఉంటే ప్రొజెక్టర్, అదీ 3000 ఆన్సీ ల్యూమెన్లకు పైన. ప్యానెల్ ఇప్పటికే ఉంటే మూడు వేలతో కెమెరా, స్టాండు, పెన్ డ్రైవ్. కరెంటు రోజూ మోసం చేసే లంక బడికి ఫోను పట్టీ, ఫోల్డ్‌స్కోప్, ఇనుప రజను, మిగిలిన డబ్బుతో ఇన్వర్టర్. తెర ఆ తర్వాతి ఏడాది చూసుకోవచ్చు. ప్రాథమిక బడికైతే ఉన్న టీవీకి కెమెరా కలపండి, ఇంకేమీ వద్దు.

కొట్టుకు వెళ్లేటప్పుడు పెన్ డ్రైవ్‌లో మూడు ఫైళ్లు వేసుకెళ్లండి: 720పీ ఎంపీ4 వీడియో ఒకటి, తెలుగు పాఠ్యపుస్తకం పేజీ ఫొటో ఒకటి, 4 జీబీ దాటిన పెద్ద వీడియో ఒకటి. పెన్ డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోండి, ఎందుకంటే ఫ్యాట్32లో 4 జీబీ మించిన ఫైలు ఎక్కదు. కొన్ని టీవీలు ఎక్స్‌ఫ్యాట్ చదవవు, అది కొట్టులోనే తేలాలి. పేజీ ఫొటోలో ఒక భాగాన్ని తెర మీద పెద్దది చేసి, మీ గదిలో చివరి బెంచీ ఎంత దూరమో అంత వెనక్కి నడిచి వత్తులు చదవండి. బిల్లు మీద సీరియల్ నంబరు, బడి పేరు, వారంటీ ఎన్నేళ్లో చేత్తో రాయించి, ఆ బిల్లును ఫొటో తీసి హెచ్‌ఎం గారి ఫోన్లోనూ, దాతల వాట్సాప్ గ్రూపులోనూ పెట్టండి. థర్మల్ కాగితం బిల్లు ఏడాదికి తెల్లకాగితం అయిపోతుంది.